టెక్ మీడియా మాట్లాడేది నెటిజన్ల తరఫునా, యజమానుల తరఫునా?

పాతమోడెం (విజయవాడ)

టెక్ వార్తల సైట్లు తెరిస్తే చాలు, "ఇంటర్నెట్ భగ్గుమంది", "నెటిజన్లు తిప్పికొట్టారు", "వినియోగదారులు కోరుతున్నది ఇదే" అన్న శీర్షికలు. లోపలికి వెళ్లి చూస్తే భగ్గుమన్నది పది పదిహేను ట్వీట్లు. మన పేరు మీద మాట్లాడే హక్కు ఈ సంస్థలకు ఎవరిచ్చారు? తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు నా అభ్యంతరం చెప్తాను. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' గొడవ గుర్తుందా? ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకు ఎవరైనా ఆ అక్షరం పంపితే యాప్ మూతపడేది, ఒక్కోసారి ఫోనే మొరాయించేది. ఆ వారమంతా ప్రపంచంలోని పెద్ద టెక్ సైట్లన్నిటికీ అదే వార్త. నేను చదివిన కథనాల్లో పాఠకుడు ఒక్కడే: తెలుగు రానివాడు. "ఈ వింత గుర్తు మీ ఫోనుకు వస్తే ఏం చేయాలి" అన్నదే సలహా. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలోనే ఎనిమిది కోట్ల పైచిలుకు మందికి ఇది మాతృభాష. వాళ్లలో ఐఫోను ఉన్నవాళ్లు ఆ వారం ఏం చేయాలో చెప్పిన కథనం నా కంట పడలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది, వార్త ముగిసింది. ఇంటర్నెట్ సమాజం అంటూ వాళ్లు గీసిన గీతలో మనం లోపల ఉన్నామా, బయట ఉన్నామా?

చుక్కలపల్లకి (తెవికీ వాడుకరి)

పాతమోడెం గారూ, ఆ కథలో మీరు వదిలేసిన ముక్క ఇంకా ఆసక్తికరమైనది. మామూలుగా టైపు చేసే 'జ్ఞా'తో ఏ ప్రమాదమూ లేదు. ఫోనును పడగొట్టిన వరుసలో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని యూనికోడ్ అక్షరం ఒకటి దూరి ఉంది. అక్షరాలు కలిసిపోకుండా ఆపేందుకు వాడేది. అక్కడ దాన్ని ఎవరూ కావాలని టైపు చేయరు. పైగా దేవనాగరిలో, బెంగాలీలో కూడా అలాంటి వరుసలతో ఫోను అలాగే పడిపోతోందని అప్పట్లో మోజిల్లాలో పనిచేసే ఒక ఇంజనీరు తన సొంత బ్లాగులో వివరంగా రాశాడు. అంటే లోపం అక్షరాలను పేర్చి చూపే ఆపిల్ పద్ధతిలో ఉంది, తెలుగులో కాదు. కానీ నేటికీ చాలామందికి గుర్తున్నది "తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చింది" అనే.

గమనించండి, సరైన వివరణ ఇచ్చింది సంస్థ కాదు, జీతం లేకుండా సొంత చోటులో రాసుకున్న మనిషి. నా అనుభవంలో తరచుగా ఇలాగే జరుగుతుంది.

వరంగల్ వాణి

నేను కొన్నేళ్లు ఒక ఆంగ్ల టెక్ సైటు డెస్కులో పనిచేశాను కాబట్టి అటు వైపు నుంచి చెప్తాను. అసలు 'ప్రాతినిధ్యం' అనే మాటను మా మీద రుద్దడమే నాకు నచ్చదు. ప్రతినిధి అంటే ఎవరో ఎన్నుకోవాలి, తప్పు చేస్తే దించేయాలి. పత్రికను ఎవరూ ఎన్నుకోలేదు. పత్రిక పని జరిగినది జరిగినట్టు చెప్పడం, దాచినది బయటపెట్టడం. ఆ 'జ్ఞా' వార్త తొందరలో రాసినదే, ఒప్పుకుంటాను. ఉదయం ఏడింటికి అమెరికా సైట్లలో చూసి ఎనిమిదికల్లా మన సైటులో ఉండాలి. డెస్కులో తెలుగు వచ్చినవాళ్లు ఉన్నా అడిగే తీరిక ఉండదు. అది అలసత్వం, ద్రోహం కాదు.

కానీ మీడియా వల్లే నెటిజన్ల మాట చెల్లుబాటైన సందర్భం మన కళ్ల ముందే ఉంది. 2015 మార్చి 27న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక సంప్రదింపుల పత్రం పెట్టింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు. వాట్సాప్, స్కైప్ లాంటి సేవలకు లైసెన్సు కావాలా, టెలికాం కంపెనీలు సైటుకో ధర పెట్టవచ్చా అన్నది సారాంశం. జవాబులకు ఏప్రిల్ 24 దాకా గడువు. అది సామాన్యుడు చదివే పత్రమా? మీడియానామా అనే చిన్న టెక్ సైటు సంపాదకుడు నిఖిల్ పహ్వా, న్యాయవాది అపర్ గుప్తా, బెంగళూరులో హ్యాస్‌గీక్ నడిపే కిరణ్ జొన్నలగడ్డ, మరికొందరు కలిసి దాన్ని విడమరిచి, ఇరవై ప్రశ్నలకూ జవాబుల ముసాయిదా తయారుచేసి 'సేవ్ ది ఇంటర్నెట్' సైటులో పెట్టారు. ఏఐబీ హాస్య బృందం వీడియో చేసింది. పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. సొమ్ము కట్టిన కంపెనీల యాప్‌లను వాడుకరికి ఉచితంగా తెరిచే ఎయిర్‌టెల్ జీరో పథకం నుంచి ఫ్లిప్‌కార్ట్ తప్పుకుంది. టెక్ విలేకరులు రోజుల తరబడి దాన్నే పట్టుకోకపోతే ఇది జరిగేదా?

నల్లమల

వాణి గారూ, ఆ ఉద్యమంలో నేనూ ఈమెయిలు పంపినవాణ్ని. టెలికాంలో పనిచేస్తూ పంపాను, కాబట్టి మా ఆఫీసులో చెప్పుకోలేదు. పహ్వా బృందం చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట. అక్కడ సంపాదకుడు ఉద్యమకారుడయ్యాడు, బాహాటంగా అయ్యాడు, ఏ పక్షమో చెప్పి మరీ నిలబడ్డాడు. అది మీడియా సంస్థ చేసిన ప్రాతినిధ్యం కాదు, ఒక మనిషి చేసినది. పెద్ద మీడియా సంస్థలు అప్పుడు ఏం చేశాయో చూడండి.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాళ్ల ఇంటర్నెట్.ఆర్గ్ (తర్వాత దీని పేరే ఫ్రీ బేసిక్స్ అయింది) రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి మన దేశానికి వచ్చింది. మొదటి ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అందులో ఉచితంగా తెరుచుకునే సైట్ల జాబితాలో ఎన్‌డీటీవీ ఉంది, టైమ్స్ గ్రూపు ఉంది. ఏప్రిల్‌లో గొడవ ముదిరాక ఎన్‌డీటీవీ తప్పుకుంది. టైమ్స్ గ్రూపు అయితే కొన్ని సైట్లను తీసేస్తామని చెప్పి, టైమ్స్ ఆఫ్ ఇండియా మాత్రం పోటీ పత్రికలు కూడా తప్పుకుంటేనే తప్పుకుంటుందని షరతు పెట్టింది. నెట్ సమానత్వం, అంటే అన్ని సైట్లూ ఒకేలా తెరుచుకోవాలన్నది, సూత్రమైతే పక్కవాడు తప్పుకునేదాకా ఆగడం ఎందుకు? అది వ్యాపారం కాబట్టి. తప్పని అనడం లేదు. వ్యాపారాన్ని ప్రాతినిధ్యం అని పిలవవద్దంటున్నాను.

ఇంకో సంగతి. ఆ ఏడాది నెటిజన్ల ప్రయోజనమూ, చిన్న టెక్ సైట్ల ప్రయోజనమూ, అంకుర సంస్థల ప్రయోజనమూ ఒకే వైపు ఉన్నాయి. టెలికాం కంపెనీకి సొమ్ము కట్టగలిగిన సైటే వేగంగా తెరుచుకుంటే ముందు నష్టపోయేది చిన్న ప్రచురణకర్త. మూడు ప్రవాహాలు కలిసిన చోట పడవ తేలిగ్గా నడిచింది. ప్రవాహాలు విడిపోయినప్పుడు చూడాలి అసలు పరీక్ష.

రేగడి (అనంతపురం జిల్లా, ఉపాధ్యాయుడు)

అందరూ 2015 విజయం గురించి చెప్తున్నారు. ఇటువైపు కూడా వినండి. మా పాఠశాలలో పదో తరగతి పిల్లలకు అప్పట్లో ఇంట్లో ఇంటర్నెట్ లేదు. కొందరి తండ్రుల దగ్గర ఆ రిలయన్స్ సిమ్ ఉండేది. అందులో తెలుగులో కూడా కొన్ని సైట్లు ఉచితంగా వచ్చేవి. వికీపీడియా వచ్చేది, వార్తలు వచ్చేవి. గూగుల్ రాదు, యూట్యూబ్ రాదు. అయినా ఏమీ లేనివాడికి అది ఎంతో కొంత. దాన్ని ఆపాలని ఢిల్లీలో, బెంగళూరులో పోరాడినవాళ్లు "ఇంటర్నెట్ సమాజం" అయ్యారు. మా పిల్లల తండ్రులు ఏమయ్యారు?

నేను ఫ్రీ బేసిక్స్ పక్షం కాదు. ముప్పై నలభై సైట్ల పంజరాన్ని ఇంటర్నెట్ అనుకుని పెరిగే పిల్లలు నాకూ వద్దు. కానీ ఆ వాదనలో మా ఊరు గణాంకంగా తప్ప మనుషులుగా కనిపించలేదు. ఫేస్‌బుక్ ప్రకటనల్లో నవ్వుతున్న రైతు బొమ్మ, ఎదురు పక్షం వ్యాసాల్లో "పేదలు". రెండు వైపులా మేం బొమ్మలమే. ఏ టెక్ సైటు విలేకరీ మా మండలానికి వచ్చి "నువ్వు ఇందులో ఏం చూస్తావు" అని అడిగినట్టు నేను వినలేదు.

వరంగల్ వాణి

రేగడి గారూ, ఈ విమర్శకు నా దగ్గర సమాధానం లేదు, మొత్తంగా అంగీకరిస్తున్నాను. అయితే ఆ సంవత్సరం చివర జరిగినది కూడా కలిపి చూడాలి. డిసెంబరులో ట్రాయ్ ధరల వివక్ష మీద ఇంకో పత్రం పెట్టింది, అందులో నాలుగే ప్రశ్నలు. ఫేస్‌బుక్ తన వాడుకరుల ముందు ఒక మీట పెట్టింది. నొక్కితే ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా ట్రాయ్‌కి సందేశం వెళ్తుంది. ట్రాయ్‌కి వచ్చిన సుమారు 24 లక్షల స్పందనల్లో 18.94 లక్షలు అలా వచ్చిన మద్దతు సందేశాలే. ఆ నాలుగు ప్రశ్నలకు వాటిలో జవాబు లేదని, సంప్రదింపును సంఖ్యాబలపు పోటీగా మార్చేస్తున్నారని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు ఘాటుగానే రాసింది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా.

మీరు చెప్పిన రైతు బొమ్మ ఆ పూర్తిపేజీ ప్రకటనల్లోదే. ప్రకటన డబ్బు పత్రికలకే వెళ్లింది. జుకర్‌బర్గ్ వ్యాసం అచ్చయిన టైమ్స్ ఆఫ్ ఇండియాలోనే పహ్వా ప్రతివాదమూ అచ్చయింది. ఒకే పత్రిక రెండు వాదాలకూ చోటిచ్చింది, ప్రకటనలూ తీసుకుంది. ప్రాతినిధ్యం కాదు, వేదిక. నాకు అది చాలు అనిపిస్తుంది.

నల్లమల

ఒక చిక్కు ప్రశ్న. సేవ్ ది ఇంటర్నెట్ వాళ్లూ తయారు చేసిన జవాబులే ఇచ్చారు కదా? పది లక్షల ఈమెయిళ్లలో ఎన్ని సొంతంగా రాసినవి? అది ఒప్పు, ఫేస్‌బుక్‌ది తప్పు అని ఏ కొలతతో అంటాం?

చుక్కలపల్లకి (తెవికీ వాడుకరి)

రెండిటికీ తేడా ఉంది నల్లమల గారూ. ఒకరు అడిగిన ఇరవై ప్రశ్నలకు జవాబు రాసి, "చదవండి, మార్చుకోండి, పంపండి" అన్నారు. ఇంకొకరు ప్రశ్నలే చూపకుండా మీట నొక్కించారు. పైగా మీట పెట్టినవాడే సేవ నడిపేవాడు. చేతిలో ఉన్న వేదికను తన వాదానికి వాడుకున్నాడు.

నాకు ప్రాతినిధ్యం అంటే ఎలా ఉండాలో చూపిన సందర్భం ఒకటే తెలుసు. 2012లో అమెరికాలో పైరసీని ఆపే పేరుతో సైట్లను అడ్డుకునే సోపా, పీపా బిల్లులు వచ్చినప్పుడు జనవరి 18న ఆంగ్ల వికీపీడియా నిరసనగా 24 గంటలు చీకటైంది. ఆ నిర్ణయం సంస్థ బోర్డు తీసుకోలేదు. 1,800 మందికి పైగా వికీపీడియన్లు చర్చా పేజీలో వాదించుకుని తేల్చారు. ఆ వాదన అంతా ఇప్పటికీ చదవవచ్చు, వ్యతిరేకించినవాళ్ల మాటలతో సహా. రెడిట్ అనే చర్చా వేదిక కూడా అదే రోజు 12 గంటలు మూసింది, కానీ ఆ నిర్ణయం కంపెనీది. అదే రెడిట్ పదకొండేళ్ల తర్వాత ఏం చేసిందో ఎవరైనా చెప్తారా?

డల్లాస్ డైరీ

నేను చెప్తాను, నేను అక్కడ రెండు చిన్న విభాగాలకు నిర్వాహకుణ్ని. 2023లో రెడిట్ తన ఏపీఐకి, అంటే బయటి యాప్‌లు రెడిట్ సమాచారం తీసుకునే దారికి, ధర పెట్టింది, వెయ్యి అభ్యర్థనలకు 24 సెంట్లు. రెడిట్ చదివేందుకు అపోలో అనే బయటి యాప్ నడిపే మనిషి ఏడాదికి రెండు కోట్ల డాలర్లు అవుతుందని లెక్క చెప్పాడు. జూన్ 12న ఎనిమిది వేలకు పైగా విభాగాలు నిరసనగా తలుపులు మూసుకుని సమ్మె చేశాయి. నేనూ మూశాను. కంపెనీ దిగిరాలేదు. నెలాఖరుకు అపోలో మూతపడింది. 2024 మార్చిలో కంపెనీ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి, ఒక్కోటి 34 డాలర్లు. దానికి ముందే మేం రాసినదంతా ఏఐ శిక్షణకు గూగుల్‌కు ఇచ్చే ఒప్పందం, ఏడాదికి ఆరు కోట్ల డాలర్లని రాయిటర్స్ రాసింది. రాసిన మాకు ఒక్క సెంటు లేదు, అడిగినవాడూ లేడు.

ఇక ఈ చర్చకు సంబంధించిన ముక్క. రెడిట్‌లో అతిపెద్ద వాటాదారు అడ్వాన్స్ పబ్లికేషన్స్. వాళ్లదే కాండే నాస్ట్ అనే పత్రికల సంస్థ. దాని చేతిలోవే వైర్డ్, ఆర్స్ టెక్నికా. అంటే సమ్మె చేసినవాళ్ల గోడు రాయాల్సిన రెండు ప్రసిద్ధ టెక్ పత్రికలకూ, సమ్మె ఎవరి మీదో ఆ కంపెనీకీ పై అంతస్తులో ఒకే ఇల్లు. ఆర్స్ టెక్నికా ఆ సంగతిని రెడిట్ కథనాల చివర స్పష్టంగా రాస్తుంది, సమ్మె గురించి లోతుగానే రాసింది. కాబట్టి యజమాని ఒకరైతే విలేకరి నోరు మూతపడి తీరుతుందని నేను అనలేను. కానీ ఆ చివరి వాక్యం లేకపోతే పాఠకుడికి తెలిసే దారే లేదు.

కొత్తపేట కుర్రాడు

అన్నలూ అక్కలూ, మీరంతా ఆంగ్ల సైట్ల గురించే మాట్లాడుతున్నారు. తెలుగులో ఫోను కొనేవాడు ఈ రోజు చూసేది యూట్యూబ్. నాదీ ఒక చిన్న ఛానల్. వైర్డ్ పేరు నా వీక్షకుల్లో నూటికి ఒకరికి కూడా తెలియదేమో. మేమే వాళ్లకు టెక్ మీడియా. వ్యాఖ్యల్లో ఏది అడిగితే దాని మీదే వీడియో చేస్తాను. ఇంతకన్నా ప్రాతినిధ్యం ఏముంటుంది?

నల్లమల

తమ్ముడూ, కోపం తెచ్చుకోకు. నీ వీడియోలు రెండు చూశాను, బాగున్నాయి, తెలుగు శుభ్రంగా ఉంది. కానీ ఆ ఫోను నీకు ఎవరు ఇచ్చారు? తిరిగి ఇవ్వాలా, ఉంచుకోవచ్చా? ప్రకటనల ప్రమాణాల మండలి 2021 జూన్ నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకు నియమాలు పెట్టింది. డబ్బు, వస్తువు, ప్రయాణం ఏది ముట్టినా చూసేవాడికి స్పష్టంగా కనబడేలా చెప్పాలి. నీ వీడియోలో ఆ ముక్క నాకు కనిపించలేదు.

కొత్తపేట కుర్రాడు

ఫోను వెనక్కి ఇచ్చేస్తాం అన్నా. డబ్బు తీసుకోలేదు. అయితే ఒకటి నిజం. గడువు తేదీ వాళ్లు చెప్తారు, అంతకు ముందు వీడియో పెట్టకూడదు. గట్టిగా విమర్శించినవాళ్లకు తర్వాతి ఫోను ఆలస్యంగా వస్తుందని మాలో మాకు ఒక భయం. నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడరు, ఎందుకంటే ఆలస్యమైతే వీక్షణలు పోతాయి. విడుదలైన రోజు వీడియో లేకపోతే వారం తర్వాత ఎవరు చూస్తారు?

రేగడి (అనంతపురం జిల్లా, ఉపాధ్యాయుడు)

"పరీక్షించి చూడరు" అన్నావు చూడు, ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ చెప్పని నిజం అది. నిన్ను మెచ్చుకుంటున్నాను.

నిర్వాహకుడు

ఫలానా ఛానల్ డబ్బు తీసుకుంది, ఫలానా సైటు అమ్ముడుపోయింది అంటూ ఆధారం లేకుండా రాసిన రెండు వ్యాఖ్యలను తొలగించాను. ఐఫోనా ఆండ్రాయిడా అన్న వాదన కూడా వేరే చర్చకు తరలించాను, దయచేసి ఇక్కడికి తిరిగి తీసుకురావద్దు.

వరంగల్ వాణి

యజమాని చేయి ఎప్పుడూ కనబడకుండానే ఉంటుందని అనుకోకండి. ఒక్కోసారి పట్టపగలే దిగుతుంది. 2013 జనవరిలో లాస్‌వేగాస్‌లో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో ఉత్తమ ఉత్పత్తిగా సీనెట్ అనే అమెరికా టెక్ సైటు సంపాదకులు డిష్ కంపెనీ హాపర్ అనే పెట్టెను ఎంచుకున్నారు. టీవీ కార్యక్రమాల్లో ప్రకటనలను దాటేసే పెట్టె అది. సీనెట్ యజమాని సీబీఎస్‌కు అప్పటికే డిష్‌తో కోర్టు తగాదా ఉంది. ఆ పెట్టెకు అవార్డు ఇవ్వకూడదని పైనుంచి ఆదేశం వచ్చింది. గ్రెగ్ శాండోవల్ అనే సీనియర్ విలేకరి రాజీనామా చేశాడు. తర్వాత ప్రదర్శన నిర్వాహకులే అవార్డుల బాధ్యత సీనెట్ నుంచి తీసేసి, హాపర్‌నూ ఉమ్మడి విజేతగా ప్రకటించారు.

ఈ కథను రెండు రకాలుగా చదవవచ్చు. సంస్థ లొంగింది. సంపాదకులు, విలేకరి లొంగలేదు. మీరు "టెక్ మీడియా" అని ఒకే ముద్ద చేసి తిట్టినప్పుడు ఆ రెండోవాళ్లు కూడా అందులో నలిగిపోతున్నారు. డెస్కులో కూర్చున్నవాళ్లకు పాఠకులే అండ. మీరు మమ్మల్ని యజమానితో ఒకే గాటన కడితే మేం ఎవరిని చూసుకుని ఎదురు తిరగాలి?

చుక్కలపల్లకి (తెవికీ వాడుకరి)

సీనెట్ కథకు రెండో భాగం నేను చెప్పాలి, మా వికీ కోణం కాబట్టి. సీబీఎస్ (అప్పటికి వయాకామ్‌సీబీఎస్) 2020లో దాన్ని రెడ్ వెంచర్స్‌కు 50 కోట్ల డాలర్లకు అమ్మింది. కొత్త యజమాని కింద ఆర్థిక సలహాల వ్యాసాలను ఏఐతో రాయించి పెద్దగా చెప్పకుండా ప్రచురించారు. 2023 జనవరిలో బయటపడింది. 77 వ్యాసాల్లో 41కి సవరణలు వేయాల్సి వచ్చింది. అప్పుడు ఆంగ్ల వికీపీడియా సంపాదకులు చర్చించి, ఆ కాలపు సీనెట్‌ను ఆధారంగా వాడదగని జాబితాలోకి దించారు. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆధారపడదగినదిగా ఉన్న పేరు అది. నెటిజన్ల మూక ఒక మీడియా సంస్థకు మార్కులు వేసి, కారణాలు రాసి, అందరికీ కనిపించేలా పెట్టింది. ఎవరు ఎవరి ప్రతినిధి?

మీడియా సంస్థకూ నెటిజన్లకూ నేరుగా తగవు వచ్చినప్పుడు ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. ఏఎన్ఐ వార్తా సంస్థ తన గురించి వికీపీడియా వ్యాసంలో రాసినదాని మీద 2024లో ఢిల్లీ హైకోర్టులో పరువునష్టం దావా వేసింది. రాసిన వాడుకరుల వివరాలు కావాలంది. ఆ కేసు గురించిన వికీ పేజీనే తీసేయమని హైకోర్టు చెప్పింది, తీసేశారు. 2025 మే 9న సుప్రీంకోర్టు ఆ తొలగింపు ఆదేశాన్ని కొట్టేసింది. ఆ నెలల్లో తెలుగు వికీలో మేం కూడా బతికున్న వ్యక్తుల మీద, సంస్థల మీద వాక్యం మార్చాలంటే రెండుసార్లు ఆలోచించాం. జీతం లేదు, న్యాయవాది లేడు, ఉన్నది మారుపేరు ఒక్కటే.

నల్లమల

ఏఎన్ఐ అన్నారు కాబట్టి ఇంకో కేసు. అదే ఏఎన్ఐ 2024 నవంబరులో ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తన వార్తలతో అనుమతి లేకుండా చాట్‌జీపీటీకి శిక్షణ ఇచ్చారని. తర్వాత డిజిటల్ వార్తా ప్రచురణకర్తల సంఘం, డీఎన్‌పీఏ, అందులో చేరింది. పెద్ద పత్రికల సంఘం అది, మన ఈనాడు కూడా సభ్యురాలు. వాళ్ల వాదనలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ఆలోచించండి. అంతర్జాలంలో ఉన్న తెలుగులో పత్రికలు రాసినది ఎంత, మామూలు మనుషులు రాసినది ఎంత? బ్లాగులు, తెవికీ, పాత గుంపుల చర్చలు, ఇలాంటి వేదికలు. పత్రికలు గెలిస్తే పత్రికలకు పరిహారం వస్తుంది. మనం రాసినదాని గురించి ఆ కోర్టు హాలులో మాట్లాడేది ఎవరు? డల్లాస్ డైరీ గారు చెప్పిన ఆరు కోట్ల డాలర్ల కథే మళ్లీ.

ప్రవాహాలు విడిపోయినప్పుడు చూడాలన్నాను కదా. ఇదే ఆ చోటు. ఈ విషయంలో ప్రచురణకర్తల ప్రయోజనం వేరు, రాసే జనం ప్రయోజనం వేరు. అయినా కథనాల్లో "కంటెంట్ సృష్టికర్తల హక్కులు" అని ఒకే పేరు కింద కలిపేస్తున్నారు.

పాతమోడెం (విజయవాడ)

నల్లమల గారు పాత గుంపుల మాట ఎత్తారు. తొంభైల్లో రైస్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు చేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్న తరం మాది. తర్వాత యాహూ గుంపులకు, అంటే ఈమెయిలు చర్చా బృందాలకు, చేరాం. రచ్చబండ అనే గుంపులో ఛందస్సు మీద, సినిమా మీద, తిట్ల మీద కూడా ఏళ్ల తరబడి సాగిన చర్చలు చదివాను. 2019 అక్టోబరులో యాహూ గుంపుల్లో ఉన్నదంతా తీసేస్తామన్నారు. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం పోయేలోగా వీలైనంత దాచాలని రాత్రింబవళ్లు దింపుకుంటుంటే, వాళ్లు వాడుతున్న ఖాతాలను వెరిజోన్ అడ్డుకుంది. 2020 డిసెంబరు 15న సేవే పూర్తిగా మూసేశారు.

ఆ సమయంలో యాహూ యజమాని ఈ వెరిజోన్ అనే అమెరికా టెలికాం కంపెనీ. టెక్ వార్తల సైటు టెక్‌క్రంచ్ యజమానీ వెరిజోనే. అలాంటిదే ఎన్‌గ్యాడ్జెట్, దాని యజమానీ వెరిజోనే. ఆ సైట్లు దీని గురించి రాశాయా, ఎంత రాశాయి అన్నది నా ఫిర్యాదు కాదు. ఏ కంపెనీ ఒక చేత్తో ఇరవై ఏళ్ల జనం మాటలను చెరిపేస్తోందో, అదే రెండో చేత్తో ఇంటర్నెట్ సమాజపు వార్తలు ప్రచురిస్తోంది. అందులో ఎవరికీ వింత కనిపించలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పుస్తకాల గోదాము తగలబెట్టేవాడే గ్రంథాలయ పత్రిక నడుపుతుంటే ఏమంటాం?

డల్లాస్ డైరీ

2021లో వెరిజోన్ వాళ్లు చిన్న వాటా ఉంచుకుని ఆ వ్యాపారాన్ని అపోలో గ్లోబల్ అనే పెట్టుబడి సంస్థకు 500 కోట్ల డాలర్లకు అమ్మేశారు. యాప్ అపోలోకూ దీనికీ సంబంధం లేదు, పేరు కలిసిందంతే.

రేగడి (అనంతపురం జిల్లా, ఉపాధ్యాయుడు)

చదువుతూ వచ్చాను. మీ అందరి మాటల్లో నాకు కనిపించేది ఒకటి. సంస్థ సొంత జేబుకు సంబంధం లేని చోట టెక్ మీడియా మన తరఫున బాగానే మాట్లాడుతుంది. జేబు తగిలిన చోట మాట్లాడేది మనిషే, సంస్థ కాదు. అలాంటప్పుడు మనం అడగవలసినది "మీరు మా ప్రతినిధులా" అని కాదు, "ఈ వార్తలో మీ జేబు ఎక్కడుంది" అని. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఉందేమో, అలవాటు.

ఇంకా ముఖ్యమైన పని ఒకటి ఉంది. 2015లో ట్రాయ్ పత్రాన్ని తేట ఇంగ్లీషులోకి మార్చి పెట్టేందుకు మనుషులు దొరికారు. తేట తెలుగులో పెట్టి మా మండలానికి పంపేందుకు ఎంతమంది దొరికారు? మా పిల్లల తండ్రులు ఫ్రీ బేసిక్స్ మీద ఏమనుకున్నారో ఢిల్లీకి తెలియకపోవడానికి సగం కారణం అదే. వచ్చే పత్రానికైనా మనమే ఆ పని చేయలేమా?

వరంగల్ వాణి

నేను చేస్తాను. ట్రాయ్ ఇప్పుడు ఏ పత్రం పెట్టినా ముందు దాని సారాంశం రెండు పేజీల్లో తెలుగులో రాసి ఇక్కడ పెడతాను. టెలికాం పదాల దగ్గర నల్లమల గారు సాయం చేయాలి. అభిప్రాయం ఏమిటన్నది మాత్రం నేను రాయను. ముసాయిదా జవాబులు కూడా ఇవ్వను. ఎవరిది వాళ్లే రాసుకోవాలి, ఒక వాక్యమైనా సరే.

నల్లమల

చేస్తాను. కానీ నేను ఇంకా టెలికాం జీతం తీసుకుంటున్నానని సారాంశం మొదటి వరుసలో రాయండి.

కొత్తపేట కుర్రాడు

ఆ రెండు పేజీలు వస్తే నేను వీడియో చేస్తాను అన్నా. దీనికి విడుదల తేదీ గొడవ లేదు కదా. ఇంకోటి, ఫోను ఎవరిచ్చారు, వెనక్కి ఇస్తున్నానా, గడువు ఎవరు పెట్టారు అన్న మూడు సంగతులూ రేపటి వీడియో నుంచి మొదట్లోనే చెప్తాను. ఇంకేమైనా చేర్చాలా?

చుక్కలపల్లకి (తెవికీ వాడుకరి)

విడుదల కార్యక్రమానికి విమానం టికెట్టు ఎవరు కొన్నారో కూడా.